వినికిడి పరికరాలకు ప్రభుత్వ సహాయం: పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

వినికిడి లోపం ఉన్నవారికి పరికరాలు సమకూర్చడం ప్రభుత్వ బాధ్యతగా మారిన క్రమాన్ని శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వలసపాలన కాలపు జనగణనలో చెవిటితనం నమోదైన తీరు, 1981లో మొదలైన కేంద్ర పథకం, 1995, 2016 చట్టాలు నిర్ణయించిన అర్హతలు, 2007లో శ్రీకాకుళంతో సహా మూడు జిల్లాల్లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ ఇందులో చర్చకు వస్తాయి. ప్రభుత్వ సహాయం ప్రధానంగా పరికరం ధరను లెక్కించిందని, ఆ పరికరం ద్వారా మనిషికి అందవలసిన భాషను తగినంతగా లెక్కించలేదని ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలక పదాలు: వినికిడి లోపం, చెవి మిషన్, కాక్లియర్ ఇంప్లాంట్, ఆరోగ్యశ్రీ, జనగణన, గిడుగు రామమూర్తి, ఉద్దానం, శ్రీకాకుళం మాండలికం.

1. ఉపోద్ఘాతం

చూపు తగ్గినవాడు కళ్లజోడు పెట్టుకుంటే లోకం ఆ విషయాన్ని పట్టించుకోదు. వినికిడి తగ్గినవాడు యంత్రం పెట్టుకుంటే పట్టించుకుంటుంది. తెలుగులో చెవిటితనం మీద ఉన్న సామెతల్లో అధికభాగం ఎగతాళి సామెతలే. ‘చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు’ అన్న మాటలో తప్పు ఊదేవాడిదా, వినలేనివాడిదా అన్న ప్రశ్న ఎన్నడూ రాలేదు. ప్రభుత్వ పత్రాల భాష మాత్రం కాలక్రమంలో మారింది. ‘మూగ, చెవిటి’ అన్న జంటపదం పోయి ‘బధిరులు’ వచ్చింది. ‘వికలాంగులు’ అన్న మాట ‘విభిన్న ప్రతిభావంతులు’గా, ‘దివ్యాంగులు’గా మారింది. పరికరం పేరు కూడా కాగితాలపై ‘శ్రవణ సహాయక యంత్రం’ అయింది. ఊళ్లో మాత్రం అది ఇప్పటికీ ‘చెవి మిషన్’.

మాటలు మారినంతగా విధానం మారిందా అన్నది ఈ వ్యాసం వేసుకున్న ప్రశ్న. దీనికి జవాబు వెదకడానికి శ్రీకాకుళం ఉత్తర భాగాన్ని ఎంచుకోవడానికి మూడు కారణాలు ఉన్నాయి. మొదటిది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ ప్రారంభమైన తొలి మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. రెండవది, టెక్కలి గ్రానైట్, పలాస జీడిపరిశ్రమ, ఉద్దానం మూత్రపిండాల వ్యాధి ఈ ప్రాంతపు ఆరోగ్య చరిత్రకు ప్రత్యేక లక్షణాలను ఇచ్చాయి. మూడవది, తెలుగు భాషాచరిత్రలో అత్యంత ప్రసిద్ధుడైన వినికిడి లోపం గల వ్యక్తి ఈ నేలవాడే.

2. జనగణన గడిలో చెవిటితనం

ప్రభుత్వం దేనికైనా డబ్బు ఖర్చు చేయాలంటే ముందు దానిని లెక్కించాలి. భారతదేశంలో 1872 నుంచి 1931 వరకు జరిగిన జనగణనల్లో ‘శారీరక లోపాలు’ నమోదయ్యాయి. మతిభ్రమణం, అంధత్వం, కుష్ఠు, చెవిటి-మూగతనం అన్నవి అందులోని నాలుగు వర్గాలు. నేటి పలాస, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాలు అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇవి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. అందువల్ల ఈ ప్రాంతపు చెవిటివారి తొలి లెక్కలు గంజాం పట్టికల్లో ఉన్నాయి.

ఆ లెక్కలో గమనించదగిన విషయం నిర్వచనం. గణకులకు ఇచ్చిన సూచన ప్రకారం ‘పుట్టుకతో’ చెవిటివారు, మూగవారు అయినవారినే ఆ గడిలో రాయాలి. జ్వరం వల్ల, మందుల వల్ల, పని వల్ల, వయసు వల్ల వినికిడి పోయినవారికి అందులో చోటు లేదు. ఈ విభజన వెనుక ఉన్న భావన స్పష్టం. మాట రాకపోవడమే లోపం. వినలేకపోవడం దానికి కారణం మాత్రమే. మాట వచ్చిన తరువాత వినికిడి పోయినవాడు ఆ దృష్టిలో లోపం ఉన్నవాడు కాడు.

స్వతంత్ర భారతంలో 1951, 1961, 1971 జనగణనలు ఈ ప్రశ్ననే అడగలేదు. 1981లో పూర్తి అంధులు, పూర్తి మూగవారు, పూర్తిగా అవయవ వైకల్యం ఉన్నవారు అన్న మూడు వర్గాలే లెక్కకు వచ్చాయి. చెవి మళ్లీ మాటలోనే కలిసిపోయింది. 1991లో ప్రశ్న లేదు. 2001లో వినికిడి ప్రత్యేక వర్గంగా వచ్చింది. కాని యంత్రం పెట్టుకుని వినగలిగేవారిని వినికిడి లోపం ఉన్నవారిగా రాయరాదని అప్పటి సూచన. 2011లో దానిని సవరించి యంత్రం వాడేవారిని కూడా లెక్కలో చేర్చారు. 2001లో సుమారు 12.6 లక్షలుగా ఉన్న వినికిడి లోపం గలవారి సంఖ్య 2011లో సుమారు 50.7 లక్షలకు చేరింది. పదేళ్లలో దేశంలో చెవులు అంతగా చెడిపోలేదు. పెరుగుదలలో అధికభాగం ప్రశ్న అడిగిన తీరులోని మార్పుది.

2001 సూచన చిన్నదిగా కనిపించినా ఈ చర్చకు కీలకం. పరికరం చెవికి చేరగానే సమస్య తీరిపోయిందని, ఆ మనిషి లెక్క నుంచి వెళ్లిపోవచ్చునని ప్రభుత్వం భావించింది. ఇదే భావన సహాయ పథకాల్లో ఎలా పనిచేసిందో ముందు భాగాల్లో చూడవచ్చు.

3. గిడుగు చెవి

గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న ముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవర భాష నేర్చుకోవడానికి కొండలకు వెళ్లారు. మందస, పలాస వైపు కొండల నుంచి పర్లాకిమిడి ఏజెన్సీ వరకు సవరల నివాసాలు విస్తరించి ఉన్నాయి. ఆనాడు అది మలేరియా ప్రాంతం. జ్వరానికి వాడిన క్వినైన్ ఆయన వినికిడిని దెబ్బతీసింది. క్వినైన్ లోపలి చెవిపై దుష్ప్రభావం చూపగల మందు అన్నది వైద్యశాస్త్రం నిర్ధారించిన విషయం. ఆ చెవుడు జీవితాంతం ఆయనను వదలలేదు.

వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ఆయనను చదువుకున్న తెలుగు విద్యార్థులు ఈ విషయాన్ని ఒక జీవితచరిత్ర విశేషంగా మాత్రమే గుర్తుంచుకుంటారు. కాని ఆయన సిద్ధాంతానికి మూలం వినబడే భాష. పుస్తకంలో ఉన్నదాని కన్నా జనం నోట పలికినదే ప్రమాణమని వాదించిన పండితుడు ఆ పలుకును క్రమంగా వినలేని స్థితిలో పనిచేశారు. 1931లో మద్రాసు ప్రభుత్వం ఆయన సవర భాషా గ్రంథాన్ని ప్రచురించింది. 1934లో కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చి గౌరవించింది. అదే 1931లో జరిగిన జనగణనలో ‘పుట్టుకతో’ అన్న నిర్వచనం వల్ల ఆయనవంటివారికి గడి లేదు. చెవిని పణంగా పెట్టి సంపాదించిన భాషను రాజ్యం గుర్తించింది. ఆ చెవి మాత్రం రాజ్యం దృష్టికి రాలేదు.

దీనిని ఒక వ్యక్తికి జరిగిన అన్యాయంగా చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. వినికిడి యంత్రం ప్రజలకు ప్రభుత్వం ఇవ్వవలసిన వస్తువన్న ఆలోచన ఆనాటి పాలనలో లేదు. 19వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో బొంబాయి, కలకత్తా, మద్రాసు రాజధానిలోని పాళయంకోటలలో బధిరుల పాఠశాలలు ఏర్పడ్డాయి. అవి ప్రధానంగా దాతృత్వం మీద నడిచినవి, పిల్లలకు ఉద్దేశించినవి. ఎదిగిన తరువాత చెవుడు వచ్చినవారికి అవి కూడా దారి కావు. గిడుగు ఉదాహరణ చెప్పేది ఒక్కటే: వినికిడి లోపం పుట్టుకతో వచ్చినా, మధ్యలో వచ్చినా దెబ్బ తగిలేది భాషకే. మొదటివారికి భాష నేర్చుకోవడం కష్టం; రెండవవారికి నేర్చిన భాషలో తోటివారితో కలిసి ఉండడం కష్టం.

4. పరికరం ప్రభుత్వ బాధ్యత కావడం

పరికరాన్ని పౌరుడి హక్కుగా చూసిన తొలి పెద్ద ప్రయత్నం బ్రిటన్‌లో జరిగింది. 1948లో జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమైనప్పుడు ‘మెడ్రెస్కో’ అన్న ప్రభుత్వ నమూనా వినికిడి యంత్రాన్ని ఉచితంగా ఇచ్చారు. అక్కడ యంత్రంతో పాటు బ్యాటరీలు, మరమ్మతులు కూడా ప్రభుత్వమే భరించింది. ఈ చివరి అంశం మన చరిత్రతో పోల్చడానికి అవసరమవుతుంది.

భారతదేశంలో ముందు సంస్థలు వచ్చాయి, తరువాత పథకం వచ్చింది. 1965లో మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఏర్పడింది. 1972లో కాన్పూరులో కృత్రిమ అవయవాల తయారీ సంస్థ (అలింకో) నెలకొన్నది. 1983లో బొంబాయిలో వినికిడి వికలాంగుల జాతీయ సంస్థ ఏర్పడింది. దానికి పెట్టిన పేరు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, మహారాష్ట్ర గవర్నరుగా పనిచేసిన అలీ యావర్ జంగ్‌ది. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉన్నది.

1981 ఏప్రిల్‌లో ‘అడిప్’ పథకం మొదలయింది. వికలాంగులు సహాయక ఉపకరణాలు కొనడానికి, అమర్చుకోవడానికి చేసే సహాయం అన్నదే దాని పేరుకు అర్థం. ‘కొనడం, అమర్చడం’ అన్న రెండు క్రియలే పథకం పరిధిని చెబుతాయి. వాడడం, నేర్చుకోవడం, కాపాడుకోవడం ఆ పేరులో లేవు. 2014 ఏప్రిల్ నుంచి అమలైన సవరణ ప్రకారం నెల ఆదాయం 15,000 రూపాయల లోపు ఉంటే పూర్తి ధర, 20,000 లోపు ఉంటే సగం ధర ప్రభుత్వం భరించింది. సాధారణ ఉపకరణం ధరకు 10,000 రూపాయల పరిమితి ఉండేది. తరువాత ఈ పరిమితులు పెరిగాయి. ఒకసారి సహాయం పొందినవారు మళ్లీ పొందడానికి మూడేళ్లు, 12 ఏళ్లలోపు పిల్లలైతే ఏడాది ఆగాలి.

పంపిణీ ఎక్కువగా శిబిరాల్లో జరిగింది. శిబిరం రోజున పరికరం చేతికి వస్తుంది, ఫొటో తీస్తారు, సంతకం అవుతుంది. పిల్లవాడి చెవి పెరిగి అచ్చు వదులైనప్పుడు, ఈల శబ్దం వచ్చి యంత్రం పక్కన పెట్టినప్పుడు ఆ శిబిరం ఉండదు. బ్యాటరీ కొనడానికి పల్లె నుంచి పట్నం వెళ్లాలి. ఉద్దానం వంటి సముద్రతీరంలో గాలిలోని చెమ్మ, చెమట యంత్రం లోపలి భాగాలను త్వరగా పాడుచేస్తాయి. రాత్రిపూట తేమను పీల్చే గుళికలున్న డబ్బాలో దాచాలన్న చిన్న సూచన పాటించకపోతే మంచి యంత్రం కూడా ఎక్కువకాలం నిలవదు. ఇవేవీ ధర పట్టికలో కనిపించవు.

వృద్ధుల కోసం కేంద్రం ‘రాష్ట్రీయ వయోశ్రీ యోజన’ను 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో ప్రారంభించింది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న 60 ఏళ్లు దాటినవారికి ఇచ్చే వస్తువుల్లో వినికిడి యంత్రం కూడా ఉన్నది. వయసుతో వచ్చే చెవుడును ప్రభుత్వం తన బాధ్యతగా స్వీకరించడం ఒక ముందడుగు. పంపిణీ పద్ధతి మాత్రం మళ్లీ శిబిరమే.

5. అర్హతకు కొలత: 60 డెసిబెల్స్

1995 వికలాంగుల చట్టం వినికిడి లోపాన్ని అంకెతో నిర్వచించింది. మెరుగైన చెవిలో, సంభాషణకు అవసరమైన పౌనఃపున్యాల్లో 60 డెసిబెల్స్ లేదా అంతకు మించిన నష్టం ఉండాలి. 2016 చట్టం 2017 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. అది రెండు చెవుల్లో 70 డెసిబెల్స్ నష్టం ఉన్నవారిని బధిరులుగా, 60 నుంచి 70 వరకు ఉన్నవారిని వినికిడి మందగించినవారిగా వేరు చేసింది. పథకాల ప్రయోజనానికి 40 శాతం వైకల్య ధ్రువపత్రం గుమ్మమయింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ ధ్రువపత్రం ‘సదరం’ శిబిరాల ద్వారా వస్తున్నది. ‘సదరం’ అన్నది ఒక కంప్యూటర్ వ్యవస్థ పేరుకు సంక్షిప్త రూపం. నేడు పల్లెల్లో అది ఆ పత్రానికే పేరయింది. ‘సదరం వచ్చిందా?’ అంటే ‘ప్రభుత్వం నీ లోపాన్ని ఒప్పుకున్నదా?’ అని అర్థం.

కొలత లేకుండా ప్రజాధనం పంచడం సాధ్యం కాదు. కాబట్టి అంకెను తప్పుపట్టలేము. అయితే ఈ అంకె ఒక సగటు. వివిధ పౌనఃపున్యాల్లో వచ్చిన నష్టాన్ని కలిపి తీసిన సగటు ఎక్కడ నష్టం ఎక్కువో చెప్పదు. ఏ ధ్వని పోయిందో చెప్పదు. 60కి కాస్త తక్కువగా ఉన్న మనిషి పొరుగువాడి మాటను సగం వింటాడు, సగం ఊహిస్తాడు. ఆ ఊహించే సగానికి పత్రం లేదు.

6. ఆరోగ్యశ్రీ: శ్రీకాకుళం తొలి అడుగు

2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రారంభమయింది. వెనుకబాటుతనం, వలసలు ఈ మూడు జిల్లాలకు ఉమ్మడి లక్షణాలు. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి 1.50 లక్షల రూపాయల వరకు, అవసరమైతే మరో 50 వేల వరకు నగదు రహిత వైద్యం దాని స్వరూపం. కాక్లియర్ ఇంప్లాంట్‌కు ఈ పరిమితి చాలదు. అందువల్ల దానిని ప్రత్యేకంగా పరిగణించి, శస్త్రచికిత్స, శ్రవణ-వాక్ శిక్షణ రెండింటికీ కలిపి ఒక్కొక్క కేసుకు 6.50 లక్షల రూపాయల వరకు ట్రస్టు చెల్లించే ఏర్పాటు చేశారు.

దీని ప్రాముఖ్యాన్ని గుర్తించడానికి పరికరం చరిత్ర కొంత తెలియాలి. 1957లో పారిస్‌లో జూర్నో, ఏరియస్‌లు శ్రవణ నాడిని విద్యుత్తుతో ప్రేరేపించారు. 1961లో లాస్ ఏంజెలెస్‌లో విలియం హౌస్, 1978లో మెల్బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ చేసిన ప్రయత్నాలు దానిని చికిత్సగా మార్చాయి. అమెరికాలో పిల్లలకు అనుమతి వచ్చింది 1990లో. అంటే ప్రపంచంలో పిల్లలకు ఈ చికిత్స ఆమోదం పొందిన రెండు దశాబ్దాలలోపే శ్రీకాకుళంలోని తెల్లకార్డు కుటుంబపు బిడ్డకు దానికి దారి దొరికింది. పరికరం విదేశీ సంస్థల నుంచి రావడమే అధిక ధరకు కారణం. దానిని తగ్గించడానికి విశాఖపట్నంలోని నౌకాదళ ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్ దేశీయ ఇంప్లాంట్ రూపకల్పనను చేపట్టింది. నీటి అడుగున ఆయుధాలపై పనిచేసే ప్రయోగశాల బధిర శిశువు చెవి కోసం పనిచేయడం మన ప్రాంత విజ్ఞాన చరిత్రలో నమోదు కావలసిన విషయం.

ఆరోగ్యశ్రీలో మరొక విశేషం ఉన్నది. పరికరంతో పాటు శిక్షణకూ డబ్బు కేటాయించడం ద్వారా, వినికిడి సహాయం అంటే భాషా సహాయమేనన్న గుర్తింపు మొదటిసారి ఒక పథకం ఖర్చుపట్టికలోకి వచ్చింది. చెవిలో అమర్చిన తీగ శబ్దాన్ని విద్యుత్ సంకేతంగా నాడికి అందిస్తుంది. దానిని ‘అమ్మ’ అన్న మాటగా గుర్తించడం మెదడు నేర్చుకోవాలి. తొలి కొన్నేళ్లలో ఈ అభ్యాసం జరగకపోతే తరువాత ఎంత ఖరీదైన యంత్రమైనా ఫలితం పరిమితం. పథకాలు వయసు పరిమితి పెట్టడానికి కారణం ఇదే.

ఆచరణలో ఈ గుర్తింపు దూరం దగ్గర ఆగిపోతుంది. శస్త్రచికిత్స ఒకసారి జరిగేది. యంత్రాన్ని బిడ్డకు తగినట్టు సరిచేసే ‘మ్యాపింగ్’, వారం వారం సాగే శిక్షణ ఏళ్ల తరబడి జరిగేవి. పలాస నుంచి విశాఖపట్నం సుమారు 200 కిలోమీటర్లు. తెల్లవారుజామున రైలెక్కితే రాత్రికి ఇల్లు చేరతారు. జీడిపిక్కల పరిశ్రమలో పొట్టు తీసే పనిలోను, గ్రేడింగ్‌లోను అధికులు స్త్రీలు. శిక్షణకు బిడ్డను తీసుకువెళ్లవలసింది సాధారణంగా తల్లే. ఒక రోజు శిక్షణ అంటే ఒక రోజు కూలి పోవడం, ఇద్దరి ప్రయాణ ఖర్చు. లక్షల విలువైన ఇంప్లాంట్ ఫలితం చివరకు కొన్ని వందల రూపాయల దారిఖర్చు మీద ఆధారపడుతుంది. వారంటీ గడువు ముగిశాక తీగ తెగినా, బ్యాటరీ పోయినా, చెవి వెనుక ప్రాసెసర్ చెడినా ఆ ఖర్చు కుటుంబం మీదనే పడుతుంది. ప్రాసెసర్ ఆగిన రోజున ఆ బిడ్డకు ప్రపంచం మళ్లీ నిశ్శబ్దమవుతుంది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుకతో వచ్చే చెవుడును ముందుగా గుర్తించవలసిన లోపాల జాబితాలో చేర్చింది. గుర్తింపు ఎంత ముందు జరిగితే మిగతా ఖర్చు అంత సార్థకమవుతుంది. మేనరికాలు ఉన్న సమాజాల్లో పుట్టుకతో వచ్చే చెవుడు ఎక్కువగా కనిపిస్తుందని వైద్య పరిశోధనలు చెబుతున్నందున ఈ ముందుచూపు మనకు మరింత అవసరం.

7. ‘చ’ స్థానంలో ‘స’: మాండలికం, గ్రానైట్, చెవి

భాషను లెక్కించకపోవడం అంటే ఏమిటో ఒక ధ్వని ద్వారా చూపవచ్చు. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు మాండలికాలను నాలుగు మండలాలుగా విభజించి శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాలను పూర్వ మండలంగా గుర్తించారు. ఈ ప్రాంతపు శ్రామిక జన వ్యవహారంలో పదాది ‘చ’ అనేక చోట్ల ‘స’గా పలుకుతుంది. చెట్టు ‘సెట్టు’, చేప ‘సేప’, చెప్పు ‘సెప్పు’, చెవి ‘సెవి’. ఇతర ప్రాంతాల్లోనూ ఈ లక్షణం ఉన్నా, కళింగాంధ్ర కథకులు దానిని తమ పాత్రల నోట ప్రత్యేకంగా నిలబెట్టారు.

ధ్వనిశాస్త్ర దృష్టిలో ‘స’ బలహీనమైన ధ్వని. దాని శక్తి అధికభాగం 4,000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. నాడీ సంబంధమైన చెవుడులో సాధారణంగా ముందుగా దెబ్బతినేది ఆ ఎత్తైన భాగమే. పాతతరం జేబు యంత్రాలు బాగా అందించలేనిదీ అదే. శిక్షణలో ప్రామాణిక భాషలోని ‘చెట్టు’ నేర్చుకున్న బిడ్డ ఇంటికి వచ్చి ‘సెట్టు’ వింటుంది. మొదటి ధ్వని వినబడకపోతే మిగిలేది ‘ఎట్టు’. యంత్రం పనిచేస్తున్నదని పరీక్ష చెబుతుంది. బిడ్డకు మాట అందలేదని ఇంట్లోవారికి తెలుస్తుంది. ఆ తేడాను ‘బిడ్డ మందకొడి’ అని లోకం చదువుకుంటుంది. గిడుగు వ్యవహార భాష గురించి వేసిన ప్రశ్న ఇక్కడ వైద్య ప్రశ్నగా తిరిగి వస్తున్నది: పరీక్షకు, శిక్షణకు ప్రమాణం ఎవరి నోటి తెలుగు?

ఇదే ధ్వని టెక్కలి పరిసరాల గ్రానైట్ కార్మికులకూ వర్తిస్తుంది. నీలి గ్రానైట్‌కు పేరుపొందిన ఈ ప్రాంతంలో రాయిని తొలిచే డ్రిల్లులు, కోసే, నునుపు చేసే యంత్రాలు నిరంతర శబ్దానికి మూలాలు. శబ్దం వల్ల వచ్చే చెవుడు మొదట 4,000 హెర్ట్జ్ ప్రాంతంలో గుంటలా కనిపించి క్రమంగా విస్తరిస్తుంది. అంటే ఆ కార్మికుడికి ముందుగా పోయేది ‘స’ వంటి ధ్వనులు. కింది పౌనఃపున్యాలు నిలిచి ఉన్నందున సగటు లెక్కలో అతను 60 డెసిబెల్స్‌కు చాలా కాలం చేరడు. మనుషులు మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమి మాట్లాడుతున్నారో తెలియదు.

చట్టం ఇతన్ని పూర్తిగా మరచిపోలేదు. శబ్దం వల్ల కలిగిన వినికిడి లోపం 1923 నాటి పరిహార చట్టపు మూడవ షెడ్యూలులో, ఉద్యోగుల రాజ్య బీమా చట్టపు షెడ్యూలులో వృత్తివ్యాధిగా ఉండేది. కాని క్వారీ 1952 గనుల చట్టం కిందకు, పాలిషింగ్ యూనిట్ ఫ్యాక్టరీల చట్టం కిందకు వచ్చేవి. గనులకు రాజ్య బీమా వర్తించేది కాదు. ఒకే ఇంట్లోని అన్నదమ్ముల్లో రాయి తీసేవాడికి ఒక చట్టం, అదే రాయిని నునుపు చేసేవాడికి మరొక చట్టం. ఇద్దరి చెవులకూ తగిలిన దెబ్బ ఒకటే. పైగా ఈ చట్టాల ప్రధాన ఉద్దేశం పోయిన సంపాదన శక్తికి పరిహారం. డ్రిల్లు పట్టడానికి చెవి అక్కరలేదు గనుక సంపాదన పోలేదని వాదించడం యజమానికి సులభం. మనవడి మాట వినలేకపోవడం సంపాదన నష్టం కాదు.

8. మూత్రపిండం, చెవి: ఉద్దానం పాఠం

ఉద్యానం అన్న మాట నుంచి వచ్చిందని చెప్పే ఉద్దానం కొబ్బరి, జీడి, పనస తోటల సీమ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తోటలను నేలమట్టం చేసింది. అంతకు చాలా ముందునుంచే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధికి దేశమంతటా తెలిసినవి. ప్రజల ఆందోళన, పరిశోధకుల శ్రద్ధ కలిసి ప్రభుత్వాన్ని కదిలించాయి. డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. 2019లో డయాలసిస్ రోగుల పింఛను నెలకు 10,000 రూపాయలయింది. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

చెవి చర్చలోకి ఈ ప్రస్తావన రావడానికి శాస్త్రీయ కారణం ఉన్నది. లోపలి చెవికి, మూత్రపిండానికి లవణాలను, నీటిని సమతూకంలో ఉంచే కణజాల నిర్మాణంలో పోలికలు ఉన్నాయి. జెంటామైసిన్ వంటి మందులు రెండింటినీ దెబ్బతీయగలవు. దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఉన్నవారిలో వినికిడి లోపం ఇతరులకన్నా ఎక్కువగా ఉంటుందని వివిధ దేశాల పరిశోధనలు చూపాయి. డయాలసిస్ రోగి వారానికి రెండు మూడు సార్లు ఒకే కేంద్రానికి వస్తాడు. వినికిడి పరీక్షకు ఇంతకన్నా అనువైన చోటు మరొకటి లేదు. అక్కడ ఒక శబ్దరహిత గది, ఒక ఆడియోమీటర్, ఒక శిక్షితుడు ఉంటే, మందుల మోతాదు గురించి వైద్యుడు చెప్పే జాగ్రత్త రోగి చెవికి చేరుతున్నదా లేదా అన్నదైనా తెలుస్తుంది.

ఉద్దానం మూత్రపిండం చెప్పే పాఠం ఒకటి ఉన్నది. అక్కడ ప్రభుత్వం యంత్రాన్ని ఇచ్చి వెళ్లిపోలేదు. డయాలసిస్ అంటే వారం వారం జరగవలసిన సేవ అని గుర్తించి కేంద్రాన్ని రోగి దగ్గరకు తెచ్చింది, నెలనెలా పింఛను ఏర్పరచింది. ఒక దీర్ఘకాలిక లోపానికి దీర్ఘకాలిక సహాయం ఇవ్వడం సాధ్యమని అదే పలాసలో నిరూపణ అయింది. వినికిడి విషయంలో ఆ తర్కం ఇంకా అమలు కావలసి ఉన్నది. వైకల్య పింఛను 2024 జూలై నుంచి 6,000 రూపాయలకు పెరగడం పెద్ద ఊరట. కాని అది బతుకుకు ఇచ్చే డబ్బు. బ్యాటరీకి, మరమ్మతుకు, శిక్షణకు అందులోంచి తీయమనడం అన్నంలోంచి మాటను కొనుక్కోమనడమే అవుతుంది.

9. ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలే విషయాలు నాలుగు.

ఒకటి, 1872 నుంచి నేటి వరకు ప్రభుత్వ దృష్టిలో చెవిటితనం ప్రధానంగా పుట్టుకతో వచ్చే లోపం. మధ్యలో వినికిడి పోయిన కార్మికుడు, రోగి, వృద్ధుడు ఆలస్యంగా, అసంపూర్ణంగా లెక్కలోకి వచ్చారు.

రెండు, సహాయం పరికరంతో మొదలై చాలావరకు పరికరంతోనే ముగిసింది. యంత్రం పెట్టుకున్నవారిని 2001 జనగణన లెక్క నుంచి తీసివేయడం ఈ ఆలోచనకు స్పష్టమైన ఉదాహరణ. ఆరోగ్యశ్రీ శిక్షణను చేర్చి ఈ హద్దును దాటింది. దూరం, దారిఖర్చు, మరమ్మతు ఆ ముందడుగును కుంటుపరుస్తున్నాయి.

మూడు, ఈ ప్రాంతానికి కావలసినది కొత్త పథకం కన్నా ఉన్న పథకాల కొనసాగింపు. పలాసలోను, టెక్కలిలోను మ్యాపింగ్, మరమ్మతు, శ్రవణ-వాక్ శిక్షణ ఒకేచోట లభించే శాశ్వత కేంద్రం, శిక్షణ రోజులకు తల్లికి కూలి, ప్రయాణ భత్యం, క్వారీ కార్మికులకు పనిలో చేరేనాటి నుంచి ఏటా వినికిడి పరీక్ష అన్నవి ఆ కొనసాగింపులో భాగాలు.

నాలుగు, ఇందులో తెలుగు శాఖలకు కూడా పని ఉన్నది. వినికిడిని మాటలతో పరీక్షించే పదపట్టికలను, శిక్షణకు వాడే పాఠాలను శ్రీకాకుళం వ్యవహారంలో తయారుచేయడం వైద్యుడు ఒక్కడే చేయగలిగేది కాదు. ధ్వనులు, మాండలికాలు తెలిసిన పరిశోధకులు వాక్ శ్రవణ నిపుణులతో కలిసి చేయవలసిన పని అది. మాండలిక పరిశోధన ఇంతవరకు పదకోశాలకు, సిద్ధాంత గ్రంథాలకు పనికివచ్చింది. అది ఒక బిడ్డ ‘సెట్టు’ అన్న మాటను మొదటిసారి పూర్తిగా వినడానికి కూడా పనికిరావాలి.